చూసిన మొహమే

“మా అమ్మ సంచి అయినా సరే, విప్పి చూడకుండా కొండ మీదికి పంపేది లేదు” అని తిరుత్తణి మెట్ల దగ్గర మైకు పట్టుకుని అరవంలోనూ తెలుగులోనూ అరిచినవాణ్ని నేనే. మా అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లయింది. పోయినవాళ్ల సంచుల గురించి ఎంత పౌరుషంగానైనా మాట్లాడవచ్చు. జనం చప్పట్లు కూడా కొట్టారు.

నా పేరు సుదర్శనం. మెట్లు మొదలయ్యే చోట ఎడమ పక్కన మూడో అంగడి మాది. కర్పూరం, టెంకాయలు, విభూతి, పసుపు గుడ్డలు, కావడికి కట్టే నెమలి ఈకలు అమ్ముతాం. ఆ ఏడు ఊరి వర్తకుల సంఘానికి నేను కార్యదర్శిని. పదవి చిన్నదే గాని, నాలాంటివాడి తలకెక్కడానికి అది చాలు.

ఇది మూడేళ్ల కిందటి మాట. దానికి ముందు సంవత్సరం చెన్నపట్నం పోయే ఒక రైల్లో బాంబు పేలింది. ఆ పెట్టెలో నా బావమరిది తణికాచలం ఉన్నాడు. నా భార్య కమలాంబకు వాడొక్కడే తమ్ముడు. ప్రాణం దక్కింది గాని కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆరు వారాలు ఆసుపత్రిలో వాడి మంచం పక్కనే కూర్చున్నాను. స్పృహ వచ్చినప్పుడల్లా వాడిది ఒకటే మాట.

“బావా, ఆ సంచి నా సీటు కిందనే ఉన్నింది. ఎవురిదప్పా ఇది అని ఒక్క మాట అడిగింటే పోయేది కదా. ఏమనుకుంటారో అని నోరు రాలేదు బావా.”

అప్పటినుంచి ఎవరి భుజాన సంచి కనిపించినా నా చూపు దాని మీదే. రైల్లో పక్కవాడి సంచి కదిలితే నేను లేచి వేరే పెట్టెలోకి పోయేవాణ్ని. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తెగిన కాలు చూసినవాడు భయపడకపోతేనే ఆశ్చర్యం. సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది, వస్తున్నాను.

కొండ మీద స్వామికి జరిగే ఆడికృత్తిక పండగకు నెల ముందు తిరువళ్లూరులో ఒక కల్యాణమండపంలో అధికారులు మీటింగు పెట్టారు. ఆ రోజుకి లక్షల మంది కొండకు వస్తారు, బెదిరింపు కబురు ఒకటి వచ్చింది, కాబట్టి ఈసారి ప్రతి సంచీ విప్పాలి, ప్రతి ఫోను నంబరూ రాసుకోవాలి, ఎవరి మీద అనుమానం కలిగినా పట్టి ఉంచాలి అన్నారు. వెనక వరసలోంచి ఒక లాయరమ్మ లేచి, అనుమానం అంటే ఏమిటి, ఎంతసేపు పట్టి ఉంచుతారు, అది ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ ముందే రాసి పెట్టండి అని అడిగింది. ఆమెను మాట్లాడనిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ముందుగా లేచి అరిచింది నేను.

“తప్పు చెయ్యనివాడికి భయం దేనికమ్మా? మా ఇంటికొచ్చి చూడు, కాలు లేని మనిషి కూర్చోనుండాడు.”

హాలంతా నావైపు తిరిగింది. ఆమె కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఎవరో, పూజారులూ ముసలివాళ్లూ ఊళ్లో తెలిసినవాళ్లూ ఉంటారు కదా, వాళ్లనూ విప్పమనాలా అని అడిగారు. దానికీ ఉపాయం నేనే చెప్పాను. ఒక పుస్తకం పెడదాం, తెలిసినవాళ్లెవరైనా పూచీ ఉండి సంతకం పెడితే ఆ మనిషిని అలాగే పంపేద్దాం, రేపు ఏదైనా జరిగితే సంతకం పెట్టినవాడిదే బాధ్యత అన్నాను. ఇన్‌స్పెక్టర్ ఎలుమలై మెత్తని మనిషి, మర్యాదస్తుడు. “రొంబ నల్ల ఐడియా సార్” అన్నాడు, చాలా మంచి ఐడియా అని, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు ఒళ్లు తేలిపోతున్నట్టే ఉంది.

ఇప్పుడు జయరామ గురించి చెప్పాలి.

కనకమ్మ సత్రం నుంచి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో అతనికి నాలుగెకరాలు చెరకూ వేరుశనగా ఉండేవి. మాలాగే తెలుగువాళ్లు. ప్రతి ఆడికృత్తికకూ తెల్లవారక ముందే ఇంటి నుంచి నడక మొదలుపెట్టి తిరుత్తణికి వచ్చేవాడు. వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. దాన్ని మూగమొక్కు అంటారు. గడప దగ్గర మొక్కు మూట కట్టిన క్షణం నుంచి కొండ మీద స్వామి ముందు దాన్ని విప్పేదాకా నోరు విప్పకూడదు. మూట నేల మీద పెట్టకూడదు. ఇంకొకరి చెయ్యి ముడి మీద పడకూడదు. ఏది తప్పినా, మొక్కు ఎవరి కోసమో వాళ్లకే కీడని వాళ్ల నమ్మకం.

ముప్పయ్యేళ్లుగా నాకు ఇది తెలుసు. అతను వచ్చి అంగడి ముందు నిలబడేవాడు. నేను ఏమీ అడగకుండా గోడకున్న గూటం చూపించేవాణ్ని. తనే మూట తగిలించి గుండు కొట్టించుకోవడానికి పోయి, స్నానం చేసి వచ్చి, కర్పూరమూ టెంకాయా తీసుకుని పైకి వెళ్లేవాడు. ఆ రెండు గంటలూ నా కొడుకుని కూడా ఆ మూట దగ్గరికి పోనిచ్చేవాణ్ని కాదు. దిగి వచ్చాక మాత్రం అతని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. పొద్దున్నించీ దాచుకున్నదంతా నా బల్ల మీద కూర్చుని గంటసేపు కుమ్మరించేవాడు. అన్నా అంటే అన్నా అనుకునేవాళ్లం. మా అమ్మాయి పెళ్లికి బండెడు అరటాకులు తెచ్చి దించాడు. తణికాచలం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పేపర్లో చూసి, అల్లుడు రఘుని వెంటబెట్టుకుని వచ్చి ఇద్దరూ రక్తం ఇచ్చిపోయారు.

ఆ ఏడు అతని మొక్కు మనవరాలి కోసం. కూతురు భవ్యశ్రీకి పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఏడో నెలలోనే పాప పుట్టింది. నలభై రోజులు గాజుపెట్టెలో పెట్టారు. బతికితే చాలునని తాత మొక్కుకున్నాడు. పాప బతికింది, ఏడాది నిండింది. జూన్‌లోనే ఫోన్ చేసి, “ఈ తూరి మూట రొంత పెద్దదిగా ఉంటాదన్నా, నీ గూటం తట్టుకుంటాదో లేదో చూసి పెట్టు” అని నవ్వాడు.

పండగ రోజు మెట్ల ముందు అడ్డంగా బల్లలు వేశారు, మా అంగళ్లకు రావాలన్నా వాటిని దాటాల్సిందే. నా చేతికి ఎర్ర పట్టీ కట్టారు, మెడలో విజిల్ వేశారు. పట్టీ ఉన్నవాళ్లను ఎవరూ తడమలేదు. పొద్దున నేను అంగడికి తెచ్చుకున్న క్యారియర్ సంచిని ఒక్క పోలీసూ విప్పమనలేదు. ఆ సంగతి ఆ రోజు నాకు తోచనే లేదు.

తొమ్మిది దాటాక జయరామ వరసలో కనిపించాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నడిచిన కాళ్లు ఎర్రమట్టి. మూట నెత్తిన లేదు, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు. బల్ల దగ్గరికి రాగానే కానిస్టేబుల్, “మూట్టైయ అవుళుంగ” అన్నాడు. విప్పమని. జయరామ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ ఊపాడు. పేరేమిటంటే చెప్పడు, ఊరేదంటే చెప్పడు. వెనకవాళ్లు గొణుగుతున్నారు. అప్పుడతను నన్ను చూశాడు. చూసి, అమ్మయ్య అన్నట్టు భుజాలు దించాడు.

నేను నాలుగడుగుల దూరంలో, ఎలుమలై పక్కన నిలబడి ఉన్నాను.

“తెరింజవరా సార్?” అన్నాడు ఎలుమలై. తెలిసినవాడా అని. “అయితే పుస్తకంలో సంతకం పెట్టండి, పంపించేద్దాం.” పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి నా ముందుకు జరిపాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా తాత ఎవరికో పూచీ ఉండి, ఆ మనిషి పారిపోతే, పొన్నేరిలో ఉన్న మొదటి అంగడి పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో మగపిల్లవాడు సంతకం నేర్చుకున్న రోజే పెద్దవాళ్లు చెబుతారు, ఎంత కావలసినవాడైనా ఇంకొకరి పూచీకి చెయ్యి పెట్టొద్దని. నేను నా సొంత అన్నకు పెట్టలేదు, అల్లుడికి పెట్టలేదు. అది మాకు తెలివి. నలుగురిలో గొప్పగా చెప్పుకునే తెలివి. ఆ పెన్ను చూడగానే నా చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. మూట నిజంగానే పెద్దదిగా ఉంది. తణికాచలం సీటు కింది సంచి గుర్తొచ్చింది. ముప్పయ్యేళ్లు తెలిసిన మనిషి మూటలో ఏముందో నాకేం తెలుసు అనే మాట, ఇవాళ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గాని, ఆ క్షణంలో నాకు న్యాయంగానే తోచింది.

“చూసిన మొహమే సార్” అన్నాను.

“అంతేనా?”

“అంతే. పండక్కి వచ్చేవాళ్లు వేలమంది ఉంటారు కదా.”

జయరామకు అరవం నాకంటే బాగా వచ్చు. విన్నాడు. నేను వేళాకోళమాడుతున్నాననుకుని చిన్నగా నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. కానిస్టేబుల్ ముడి మీద చెయ్యి వేశాడు. జయరామ మూట లాక్కుని వెనక్కి జరిగాడు. రెండో పోలీసు పట్టుకోబోతే బల్లల సందులోంచి దూరి మెట్ల మీద పరుగెత్తాడు. స్వామి ముందుకు చేరితే చాలు, అక్కడ తనే విప్పి చూపించవచ్చు అనుకుని ఉంటాడు. నేను విజిల్ ఊదాను. ఎవరూ ఊదమనలేదు. నేనే ఊదాను.

ఆ శబ్దానికి ఎవరో బాంబని కేక వేశారు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. పద్నాలుగు మందికి దెబ్బలు తగిలాయి, మునెమ్మ అనే ముసలామె చెయ్యి విరిగింది. అతన్ని అరవయ్యో మెట్టు దగ్గర పట్టుకున్నారు. లాఠీ దెబ్బ పడ్డప్పుడు ఎవరికైనా అమ్మా అని వస్తుంది. అతనికి అది కూడా రాలేదు. పెదవి తెగి రక్తం కారుతోంది గాని పళ్లు విడవలేదు. “ట్రెయినింగ్ అయినవాడు సార్” అన్నాడు ఒక పోలీసు. నేను పక్కనే ఉన్నాను. అది మూగమొక్కు అని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. చెబితే, మరి చూసిన మొహమే అన్నారేం అని అడుగుతారు. నోరు మూసుకున్నాను. ఆ రోజు ఆ మెట్ల మీద ఇద్దరం మౌనంగా ఉన్నాం. అతనిది మొక్కు, నాది పిరికితనం.

మూట మెట్టు మీద పెట్టి కోశారు. కొత్త వడ్లు, వేరుశనగలు, బెల్లం అచ్చు, రాగితో చేసిన చిన్న వేలాయుధం ఒకటి, చిన్న గుడ్డలో పాప పుట్టువెంట్రుకలు. అంతే ఉన్నాయి. వడ్లు మెట్ల మీదుగా జారిపోయాయి. అప్పుడు జయరామ నోరు విప్పాడు. మొక్కు చెడిపోయింది, ఇంక మౌనం దేనికి? నా మీద కోపంగా ఏమీ అనలేదు.

“అన్నా, పాపకేమీ కాదు కదా?” అన్నాడు.

అతన్ని జీపెక్కించారు.

సాయంత్రానికి వదిలేస్తారనుకున్నాను. మూటలో ఏమీ లేదు, వదలక ఏం చేస్తారు? కానీ పద్నాలుగు మందికి దెబ్బలు తగిలాయి, టీవీల వాళ్లు వచ్చేశారు, పట్టుకున్నవాణ్ని ఊరికే వదిలితే మాటొస్తుంది. ఫోను తీసి చూశారు. రఘు గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు వ్యానులో పనివాళ్లను తోలేవాడు. వాళ్లంతా ఉత్తరాది కుర్రాళ్లు. రఘు ఫోను చెడిపోయి నెలరోజులు మామ ఫోనే వాడుకున్నాడు. అందులోని అరవై నంబర్లలో ఒకటి పోలీసులు ఎక్కడో వెతుకుతున్న మనిషిదట. దాంతో ముందుజాగ్రత్త నిర్బంధం అన్నారు. కేసు ఉండదు, విచారణ ఉండదు, బెయిలు ఉండదు. ఏడాది దాకా లోపల ఉంచవచ్చు. కల్యాణమండపంలో లాయరమ్మ ఎక్కడ ఆగుతుందని అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. అర్థమై ఏం లాభం?

నెల తిరక్కముందే జయరామ భార్య కృష్ణమ్మ అంగడికి వచ్చింది. లోపలికి రాలేదు, గిరాకీలు పోయేదాకా ఎండలో నిలబడింది.

“అన్నా, పట్నంలో ముగ్గురు జడ్జీలు కూర్చుంటారంట. ఆయన్ని ఉంచాల్నా వదలాల్నా అని వాళ్లే చూస్తారంట. లాయర్లను రానీరంట. తెలిసిన మనిషి ఒగరు వచ్చి చెప్పొచ్చునంట. నువ్వొచ్చి చెప్పు. మౌనం అంటే ఏందో, మూట ఎందుకు ఇప్పకూడదో చెప్పు. మేం చెప్తే ఇంటోళ్లు అంటారు. నువ్వంటే సంఘం సెక్రెట్రీ.”

మెట్ల దగ్గర నేనన్న మాట ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసినా ఆ రోజు ఆమె మొహంలో కనిపించలేదు. వస్తానన్నాను. ఇంటికి పోయి చెబితే, తణికాచలం కట్టెకాలు తీసి పక్కన పెట్టుకుని నావైపు తిరిగాడు.

“ఆయన రగతం నా ఒంట్లో ఉండాది బావా. పో, పోయి చెప్పు. నన్ను సాకు పెట్టుకోవద్దు.”

జడ్జీలు కూర్చునే రోజు తెల్లచొక్కా వేసుకుని తిరుత్తణిలో రైలెక్కాను. కృష్ణమ్మా రఘూ ముందే పోయి సెంట్రల్ స్టేషన్ వాకిట్లో ఉంటామన్నారు. చెప్పాల్సిన మాటలు దోవ పొడవునా అనుకుంటూనే ఉన్నాను. అరక్కోణం దాటింది. అనుకుంటున్న మాటల్లో ఒకచోట ప్రతిసారీ ఆగిపోతున్నాను. ముప్పయ్యేళ్లుగా తెలుసు అంటాను. మరి ఆ రోజు ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఏమన్నారు అంటారు. అబద్ధమాడానని చెప్పాలి. సంఘం కార్యదర్శి, మైకు పట్టుకుని అరిచినవాడు, పూచీ పుస్తకం కనిపెట్టినవాడు, తెలిసిన మనిషిని తెలియదన్నాడని కాగితం మీద ఎక్కుతుంది. ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. నిర్దోషి అయితే జడ్జీలకే తెలుస్తుంది, నేను చెబితేనేం, చెప్పకపోతేనేం?

తిరువళ్లూరులో రైలు ఆగింది. దిగాను.

దిగుతానని అనుకోలేదు. ఎవరో దిగుతుంటే వాళ్ల వెనకే దిగాను. సిమెంటు బల్ల మీద కూర్చుని, తర్వాతి బండికి పోదామనుకున్నాను. అది వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. మూడు బళ్లు పోనిచ్చాను. పదకొండింటికి రఘు ఫోన్ చేశాడు. జ్వరమొచ్చిందిరా, లేవలేకపోతున్నానన్నాను. వెనక అనౌన్స్‌మెంటు తిరువళ్లూరు పేరు చెబుతూనే ఉంది. “సెరి మామా, ఒళ్లు చూసుకో” అని ఫోన్ పెట్టేశాడు.

జడ్జీలు నిర్బంధం సరేనన్నారు.

ఆ తర్వాత నేనేం చేయలేదని కాదు. పదిహేను రోజులు నిద్ర లేక, ఉన్నదున్నట్టు రాసి ఎలుమలై దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చదివి, తల దించుకుని, “ఇదే ముక్క ఆ రోజు చెప్పుంటే నేనే కొండ మీదిదాకా తోడు పంపేవాణ్ని సార్” అన్నాడు అరవంలో. ఇప్పుడు ఫైలు పైన ఉంది, తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాణ్నేమో. పైవాళ్లకు రాశాను. అర్జీలిచ్చే సోమవారాలు వరసగా నాలుగు పోయాను. చీటీ ఇచ్చారు, ముద్ర వేశారు. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న, “అప్పుడెందుకు చెప్పలేదు?” సంఘం పదవి వదిలేశాను. అది ఎవరికీ నష్టం కాలేదు, మర్నాడే ఇంకొకరు వచ్చారు.

జయరామ ఏడాది పూర్తిగా లోపలున్నాడు. వచ్చాడని తెలిసి కూడా నేను పోలేదు. ఆ ఆడికృత్తికకు వస్తాడేమోనని పొద్దున్నించీ వరస చూస్తూ కూర్చున్నాను. రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఈ మధ్య కమలాంబ, “ఆ మనిషి రాడు. నువ్వే పోవాల. ఇంగెన్ని పండగలు చూస్తా కూర్చుంటావు?” అని కసురుకుంటే, పోయిన నెల బస్సెక్కాను. క్షమించమని అడగాలి. తిడితే పడాలి. కొట్టినా పడదామనే పోయాను.

ఇంటి ముందు చెరకు తోట ఉండాల్సిన చోట తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. జయరామ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు, ఒంటిచేత్తో. ఎడమ చెయ్యి భుజం దాకా లేవదు. నన్ను చూసి లేచాడు.

“రా అన్నా. యాడ్నుంచి? ఎండలో వస్తివే. కృష్ణమ్మా, మజ్జిగ తే.”

కూర్చున్నాను. రైల్లో అనుకున్న మాటలకంటే ఎక్కువగానే అనుకుని పోయాను. ఒక్కటీ వరసగా రాలేదు. తప్పు చేశానన్నా, తెలుసునని చెప్పి ఉండాల్సింది, పట్నానికి రాకుండా దిగిపోయాను, జ్వరం అబద్ధం, అని ముక్కలు ముక్కలుగా చెప్పి ఏడ్చేశాను. కృష్ణమ్మ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి పోయింది.

“ఊరుకో అన్నా” అన్నాడు జయరామ. “నువ్వు జేసింది తప్పు కాదు. చూడాల కదా మరి. నిజంగానే ఎవుడన్నా బాంబు ఎత్తుకొస్తే? తణికాచలం కాలు నేను చూసినా కదా. నాదే తప్పు. మూట ఇప్పమన్నప్పుడు ఇప్పేసింటే ఏమీ లేదు. పాప బాగానే ఉండాదిలే. చూడు, ఎట్ల తిరగతా ఉండాదో.”

తిరువళ్లూరు మండపంలో నేను అరిచిన మాటలే ఇవి. నా నోటినుంచి అతని నోటికి పోవడానికి మధ్యలో ఒక జైలు కావలసి వచ్చింది. ఇంత అన్యాయంగా నేను గెలవడం నాకు భరించరానిదిగా ఉంది. తిట్టు జయరామా, నా మీద కాస్త కోపం తెచ్చుకో అని అడగాలనిపించింది.

“ఇంగ మొక్కులు మొక్కనులే అన్నా. నోరు మూసుకోనుండే పనులు మనకొద్దు” అని నవ్వాడు. తర్వాత కొంచెం జంకుతూ అడిగాడు. “నువ్వే వచ్చినావు కాబట్టి ఒగ సాయం అడగతా. చేస్తావా?”

ఏదైనా చేస్తానన్నాను.

ఇప్పటికీ ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవయ్యారుకు, దీపావళికి, ఎవరైనా మంత్రి ఈ రోడ్డున పోయినా, ముందురోజు జీపొచ్చి అతన్నీ రఘునీ తీసుకుపోతుందట. మర్నాటిదాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేస్తారట. కొట్టరు, టీ కూడా ఇస్తారు అన్నాడు. రఘుకి వ్యాను పని పోయింది. పోయినసారి పోలీసాయన ఎవరో, ఊళ్లో పెద్దమనిషి ఎవరిచేతనైనా కాగితం రాయించుకో, జేబులో పెట్టుకో, అడిగినచోటల్లా చూపించు అని సలహా చెప్పాడట.

“నీ అంగడి పేరుండే కాగితం మీద రాసీ అన్నా. నేను నీకు తెలుసునని, మంచివాణ్నేనని. అంతే. తెలుగులో వద్దు, వాళ్లకు రాదు. అరవంలో రాయి.”

లెటర్‌హెడ్డు పుస్తకం నా సంచిలోనే ఉంది. అరుగు మీదే పెట్టుకుని రాశాను. ఈయనను ముప్పయ్యేళ్లుగా నాకు బాగా తెలుసు, మంచి మనిషి, ఈయనకు నేను పూచీ. సంతకం పెట్టాను. మూడు వాక్యాలు. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. భవ్యశ్రీ అది తీసుకుని తండ్రికి చదివి వినిపించింది. విని అతను కాగితం కళ్లకద్దుకున్నాడు. “శానా పెద్ద సాయం జేసినావన్నా” అన్నాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత రఘుకి ఒకటి రాయమన్నాడు. రాశాను. కృష్ణమ్మకు, భవ్యశ్రీకి రాశాను. లేవబోతుంటే పాప తాత ఒళ్లోకి వచ్చి కూర్చుంది.

“దీనికీ ఒగటి రాయన్నా. వల్లిశ్రీ అని.”

“పాపకెందుకు జయరామా? నాలుగేళ్ల పిల్ల!”

“ఉండనీలే. రేపు యాడికన్నా పోవాల కదా. నువ్వు నేను ఉంటామో లేమో.”

అతను వేళాకోళానికి అనలేదు. పాప నా చేతినే చూస్తోంది. వల్లిశ్రీ అనే ఈ పిల్ల పుట్టినప్పటినుంచీ నాకు తెలుసునని, మంచిదని, తనవల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని అరవంలో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.